ఎర్రచందనానికి తుపాకీ కాపలా, పాలపిట్టకు పంజరం



పోయిన దసరా నాడు ఆలంపూర్ చౌరస్తా దగ్గర ఒకాయన చిన్న పంజరం పట్టుకొని నిలబడ్డడు. దాని మీద పాత తువ్వాల కప్పి ఉంది. ఇరవై రూపాయలు ఇస్తే తువ్వాల పక్కకు జరుపుతడు. లోపల పాలపిట్ట. రెక్కలు దారంతో కట్టేసి ఉన్నయి. జనం దండం పెట్టుకొని, ఫోన్‌లో ఫొటో తీసుకొని పోతున్నరు. నేను కూడా జేబులో చెయ్యి పెట్టిన. పక్కనే ఉన్న మా అవ్వ నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"పాలపిట్టను సూసుడంటే ఎగిరేటప్పుడు సూసుడు బిడ్డా. కట్టేసిన దాన్ని సూస్తే ఏమొస్తది?" అన్నది.

అదే రోజు రాత్రి నా ఫోన్‌కు ఒక ప్రకటన వచ్చింది. మన పాలమూరు దిక్కు ఫామ్ ప్లాట్లు అమ్ముతున్నరట. ప్లాటు కొంటే అందులో ఎర్రచందనం, శ్రీగంధం మొక్కలు నాటి ఇస్తరట. పదిహేనేండ్లు ఓపిక పడితే చాలు, పిల్లల చదువులు, పెండ్లిళ్ళు అన్నీ ఆ చెట్లే చూసుకుంటయట.

ఒకే రోజు ఒక పిట్ట, ఒక చెట్టు నా కండ్ల ముందుకు వచ్చినయి. పిట్ట మామూలుది, చెట్టు అరుదైనది. పిట్టకు ఇరవై రూపాయలు, చెట్టుకు లక్షలు. ఆ రాత్రి నుంచి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తున్న. ఆలోచించిన కొద్దీ ఇందులో మన కథ కూడా ఉందని అర్థమయింది. అందుకే ఇది రాస్తున్న.

నేను చెంచు ఇంటి పిల్లగాణ్ణి. మా అవ్వ నల్లమలలో ఒక పెంటలో పుట్టింది. తాత కాలంలో కూలి కోసం కృష్ణ దాటి ఈ దిక్కు వచ్చి, ఇక్కడే ఉండిపోయినం. నేను కర్నూలులో డిగ్రీ చదివిన. అడవి గురించి నాకు తెలిసినదాంట్లో సగం అవ్వ నోటి మాట, సగం పుస్తకం. రెండూ కలిపి చెప్తున్న.

ముందు చెట్టు సంగతి. ఎర్రచందనం ప్రపంచం మొత్తంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండలు, నల్లమల దక్షిణపు అంచు. అంటే ఎక్కువ భాగం కడప, చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం, కర్నూలు పాత జిల్లాల కొండలు. రాతి నేల, తక్కువ వాన, మండే ఎండ ఉన్నచోటనే అది బతుకుతుంది. చాలా నిదానంగా పెరుగుతుంది. లోపల చేవ ఎర్రబడి గట్టిపడాలంటే ఇరవై ముప్పై ఏళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది. ఆ చేవ నీళ్ళలో వేస్తే మునిగేంత బరువు. పదిహేనేండ్లలో కోటీశ్వరులు అవుతారని ప్లాట్లు అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు.

ఇక పిట్ట. పాలపిట్ట ఇరాక్, ఇరాన్ నుంచి మన దేశం మీదుగా శ్రీలంక దాకా ఉంటుంది. దట్టమైన అడవి దానికి అక్కరలేదు. చేను, బీడు, రోడ్డు పక్క కరెంటు తీగ చాలు. తీగ మీద కూర్చొని కిందికి చూస్తుంటుంది. మిడత, పేడపురుగు, తేలు, చిన్న బల్లి, ఏది కదిలినా దిగి పట్టుకొని మళ్ళీ తీగ మీదికి పోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు అదే రాష్ట్ర పక్షి. 2014లో తెలంగాణ కూడా దాన్నే ఎంచుకుంది, జమ్మిని రాష్ట్ర వృక్షం చేసింది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకకు మారింది. కర్ణాటకకు, ఒడిశాకు కూడా పాలపిట్టే రాష్ట్ర పక్షి. ఇంత గౌరవం ఉన్న పిట్ట మన దగ్గర ఇంకోటి లేదు.

ఈ రెండింటికీ ఒక పోలిక ఉంది. ఎర్రచందనం చెట్టును బయట నుంచి చూస్తే ఏమీ అనిపించదు. నల్లగా, మొసలి చర్మం లెక్క పగిలిన బెరడు. ఎరుపంతా లోపల దాచుకుంటుంది. పాలపిట్ట కూడా కూర్చున్నప్పుడు మట్టి రంగులోనే ఎక్కువ కనబడుతుంది. రెక్క విప్పినప్పుడే ఆ నీలం తెలుస్తుంది. చెట్టు ఎరుపు చేవలో ఉండే రంగు పదార్థం. పిట్ట నీలం మాత్రం రంగు కాదు, ఈక నిర్మాణం మీద వెలుగు పడి పుట్టే మెరుపు. ఎట్ల పుట్టినా సరే, దాచుకున్న ఆ రంగే రెండింటికీ ప్రాణం మీదికి తెచ్చింది. చెట్టును ఆ ఎరుపు కోసం నరుకుతున్నరు. బ్రిటిష్ కాలంలో పాలపిట్టలను ఈకల వ్యాపారం కోసం చంపేవాళ్ళు. అడవి పక్షుల ఈకల ఎగుమతిని 1902లో నాటి ప్రభుత్వం ఆపవలసి వచ్చింది. ఇప్పుడు దండం పెట్టడానికి పడుతున్నరు.

పోలిక అక్కడితో సరి. ఆ తర్వాత దారులు వేరు.

ప్రపంచంలో ఏ జీవికి ఎంత ప్రమాదం ఉందో చెప్పే జాబితా ఒకటి ఉంది. ఐయూసీఎన్ అనే సంస్థ తయారుచేస్తుంది, ఎర్ర జాబితా అంటరు. ఎర్రచందనాన్ని 1990ల చివర్లోనే అందులో అంతరించే ప్రమాదంలో ఉన్న చెట్టుగా పెట్టినరు. 2018లో ఒక మెట్టు దించి, ప్రమాదానికి దగ్గరగా ఉంది అన్నరు. కొన్నేళ్ళకే మళ్ళీ పాత చోటికే ఎక్కించినరు. దేశాల మధ్య వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో 1995 నుంచి ఈ చెట్టు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఒక్క చెట్టు కోసమే ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ ఉంది. చేతుల్లో తుపాకులు ఉన్నయి.

అదే జాబితాలో 2023 నాటికి పాలపిట్ట ఎక్కడుండేదో తెలుసా? అడుగున, పెద్దగా ఆందోళన అక్కరలేదు అనే గడిలో. దేశదేశాల్లో ఉంది కదా, లక్షల్లో ఉంది కదా అని.

2023లో మన దేశ పక్షుల పరిస్థితి మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది. సుమారు 30,000 మంది పక్షులను చూసేవాళ్ళు రాసిపెట్టిన లెక్కల నుంచి 942 రకాల పక్షులను పరిశీలించినరు. అందులో పాలపిట్ట పేరు ఉంది. దాని సంఖ్య 30 శాతానికి మించి తగ్గిందని, ఎర్ర జాబితాలో దాని స్థానాన్ని మళ్ళీ చూడాలని ఆ నివేదిక అడిగింది. ఇట్ల అడిగిన 14 రకాల్లో మన రాష్ట్ర పక్షి ఒకటి.

అంటే ఏమైంది? ఒకటి తగ్గుతుంటే లోకమంతా చూసింది. ఇంకోటి మన ఇంటి ముందర తీగ మీద నుంచే తగ్గిపోయింది, ఎవ్వరూ చూడలే. దసరా రోజు పంజరం పట్టుకొని తిరిగేవాళ్ళు ఎందుకు ఉన్నరు? ఎగిరే పిట్ట సులువుగా కనబడుతుంటే ఇరవై రూపాయలు ఎవరిస్తరు?

మా ఆలంపూర్‌లోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు కృష్ణ, తుంగభద్ర కలిసే కూడవెల్లి దగ్గర సంగమేశ్వరాలయం మునిగిపోయే పరిస్థితి వచ్చింది. ఆ గుడిని రాయి రాయి విప్పి ఆలంపూర్‌కు తెచ్చి మళ్ళీ నిలబెట్టినరు. మంచి పని, కాదనను. వెయ్యేళ్ళకు పైబడిన గుడి, ఒకటే ఉంది, పోతే మళ్ళీ రాదు. అదే నీళ్ళలో పదుల కొద్దీ ఊర్లు మునిగినయి. ఇండ్లు, చేన్లు, ఒడ్డు మీది చింతలు, మర్రులు మునిగినయి. వాటిని రాయి రాయి విప్పి ఎవరు తెచ్చి నిలబెట్టినరు? అవి మామూలువి కదా. అరుదైనదానికి అంబులెన్సు వస్తది, మామూలుదానికి ఎవరూ రారు. అరుదైనదాన్ని కాపాడొద్దని నేను అనట్లేదు. కాపాడటానికి అరుదు కావడం దాకా ఎందుకు ఆగాలె అని అడుగుతున్న.

సరే, కాపాడుతున్న చెట్టు సంగతి చూద్దాం. ఆ కాపలా ఎవరి మీద పడింది?

2015 ఏప్రిల్ 7. శేషాచలం అడవిలో 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయినరు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. వాళ్ళలో జవ్వాదు కొండల దిక్కు మలయాళీ తెగ ఆదివాసులు ఉన్నరు. ఎదురుకాల్పులు అని పోలీసులు చెప్పినరు. పట్టుకొచ్చి చంపినరని హక్కుల సంఘాలు చెప్పినయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా కేసు పోయింది. ఏది నిజమో తేలేది కోర్టుల్లో. కానీ ఒక్క విషయం తేల్చడానికి కోర్టు అక్కరలేదు. ఆ 20 మందిలో దుంగలను ఓడల మీద విదేశాలకు పంపే వ్యాపారి ఒక్కడు కూడా లేడు. గొడ్డలి పట్టినవాళ్ళు, భుజం మీద మోసినవాళ్ళే ఉన్నరు.

ఆరేళ్ళ తర్వాత 2021 డిసెంబర్‌లో పుష్ప సినిమా వచ్చింది. అదే శేషాచలం, అదే ఎర్రచందనం, అదే కూలీ. తెర మీద ఆ కూలీ తగ్గేదే లేదంటే మన పిల్లలు ఈలలు వేసినరు, నేను కూడా వేసిన. హీరోకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. సినిమాను సినిమాగా చూద్దాం. కానీ తమ్ముడూ, తెర మీద కూలీ పెద్దోడు అవుతడు. అడవిలో కూలీ శవం అవుతడు, లేకుంటే జైల్లో ఏండ్లకేండ్లు వాయిదాలకు తిరుగుతడు. నిన్ను గొడ్డలి కూలికి పిలిచే మేస్త్రి ఈ రెండో సంగతి చెప్పడు.

ఎర్రచందనం చేవ మన దగ్గర ఎవరి ఇంట్లో ఉంది? దాని గిరాకీ ఎక్కువగా చైనా, జపాన్ దిక్కు. ఫర్నిచర్, బొమ్మలు, సంగీత వాద్యాలు. చెట్టు మనది, గిరాకీ వాళ్ళది, లాభం మధ్యవాళ్ళది, చావు మనోళ్ళది. కాపలా లేకుంటే ఆ కొండల మీద ఒక్క చెట్టు మిగిలేది కాదు, అది ఒప్పుకుంట. కానీ ఏండ్ల తరబడి తుపాకీ కాపలా ఉన్నా చెట్టు ప్రమాదం నుంచి బయటపడలే. ఎందుకంటే కాపలా అడవి అంచున కూలీని ఆపుతున్నది, అడవి బయట కొనేవాణ్ణి ఆపట్లేదు.

ఇప్పుడు పిట్ట దిక్కుకు వస్త.

మా గద్వాల, ఆలంపూర్ దిక్కు సీడ్ పత్తికి పేరున్న నేల. నేను ఆరో తరగతి నుంచి సెలవుల్లో క్రాసింగ్ పనికి పోయేవాణ్ణి. సాయంత్రం మొగ్గలు ఒలిచేది, పొద్దున్నే మగపువ్వు పుప్పొడి అద్దేది. పిల్లల చేతులు చిన్నగా ఉంటయి, వంగితే నడుము నొప్పి అనరు అని మమ్మల్ని పిలిచేది. సీడ్ పత్తికి మందు ఎన్నిసార్లు కొడతరో లెక్క ఉండదు. మందు కొట్టిన మర్నాడే అదే చేన్లో దిగేది. చేతులు మంట, కండ్లు మంట. చేను గట్టు మీద చచ్చిన మిడతలు, పురుగులు గుట్టలు గుట్టలుగా కనబడేవి. మొదట్లో వాటిని తినడానికి పాలపిట్టలు, గోరింకలు, కొంగలు దిగేవి. తర్వాత తర్వాత దిగేటియి తగ్గినయి. పరిశోధన చేసి చెప్పట్లేదు, వంగి పనిచేసిన చేన్లో చూసింది చెప్తున్న. పురుగు తినే పిట్టకు పురుగే లేకుంటే, ఉన్న పురుగులో విషమే ఉంటే, అది ఎక్కడ బతుకుతది?

రెండోది గూడు. పాలపిట్ట పుల్లలు ఏరి గూడు కట్టుకోదు. ముసలి చెట్టు తొర్రలోనో, ఎండిపోయిన తాటి మొద్దులోనో, పాత గోడ బొక్కలోనో గుడ్లు పెడుతుంది. మార్చి నుంచి జూన్ దాకా వాటి కాలం. ఇప్పుడు మన ఊర్లల్ల తొర్ర పట్టేంత ముసలి చెట్లు ఎన్ని ఉన్నయి? రోడ్డు వెడల్పుకు పాత వేపలు, చింతలు పోయినయి. ట్రాక్టర్ తిరగడానికి అడ్డమని గట్ల మీది తుమ్మలు, ఈతలు పోయినయి. ఎండిన తాటి మొద్దు కనబడితే పొయ్యిలోకి పోతది. హరితహారంలో మొక్కలు నాటినం, మంచిదే. కానీ నిన్న నాటిన మొక్కకు తొర్ర పడాలంటే యాభై ఏళ్ళు కావాలె. అప్పటిదాకా పిట్ట ఎక్కడ ఉండాలె?

చెట్టుకూ పిట్టకూ ఉన్న అసలు సంబంధం ఇదే. నిదానంగా పెరిగి, ముసలిదై, నిలబడి ఉన్న చెట్టు ఇద్దరికీ కావాలె. ఎర్రచందనం అయినా, వేప అయినా, ముసలి కావడానికి దాన్ని ఎవరో ఒకరు వదిలిపెట్టాలె. ప్లాటులో పెట్టిన ఎర్రచందనం పుట్టుకతోనే కోత తేదీ రాయించుకొని పుడుతుంది. దాని మీద తొర్ర పడే రోజు రాదు. ప్లాట్లలో కోటి ఎర్రచందనాలు నాటినా, లంకమల మీద విత్తనం తనంతట తాను రాలి మొలిచిన చెట్టుకు అవి సమానం కావు. రైతు తన పొలంలో పెంచుకొని అమ్ముకుంటే నేను వద్దనను. 2023 నవంబర్‌లో సైటిస్ సమావేశం ఈ చెట్టు విషయంలో మన దేశం మీద 2004 నుంచి ఉన్న ప్రత్యేక సమీక్షను ఎత్తేసింది, పెంచిన చెట్టు అమ్మకానికి దారి సులువైంది. అది పంట. అడవి వేరు.

మన తప్పులు కూడా చెప్పుకోవాలె. ఆదివాసి ఎప్పుడూ చెట్టును ముట్టడు, పిట్టను కొట్టడు అని పట్నంలో మన దోస్తులు కొందరు రాస్తుంటరు. ప్రేమతోనే రాస్తరు, కానీ అది నిజం కాదు. నేను చిన్నప్పుడు గులేరుతో పిట్టలను కొట్టిన. పాలపిట్టను కూడా కొట్టిన. ఆ రోజు అవ్వ నాకు అన్నం పెట్టలే. తపసి చెట్టు సంగతి మన పెద్దోళ్ళకు తెలుసు. తపసి బంకకు మంచి ధర వచ్చిన కాలంలో, ఇంకా ఎక్కువ కారాలని గొడ్డలితో లోతుగా నరికినం. బంక కారింది, చెట్టు ఎండింది. మా తాత చెప్పేవాడు, ఒక వాగు పొడవునా తపసులు అట్లనే పోయినయని. తర్వాత సంస్థలు వచ్చి చిన్న కత్తితో, పైపైన గాటు పెట్టి, చెట్టుకు విరామం ఇచ్చి బంక తీసే పద్ధతి నేర్పినయి. అట్ల తీసినచోట చెట్టు బతికింది, బంక శుభ్రంగా వచ్చింది, ధర కూడా పెరిగింది.

ఆ తపసి కథలో నాకు కనబడేది ఇది. బంక తీసే చెంచును అడవి నుంచి గెంటేయడంతో తపసి బతకలే. చెంచు చేతికి సరైన కత్తి, సరైన ధర, రేపు కూడా ఈ చెట్టు నాదే అనే నమ్మకం ఇచ్చినచోట బతికింది. రేపు నాది కాదనుకున్నోడు ఈ రోజే మొత్తం నరుకుతడు. ఇది ఆదివాసి గుణం కాదు, వ్యాపారి గుణం కాదు, మనిషి గుణం.

ఇక మన జాబితా సంగతి. చెట్టుకు, పిట్టకే కాదు, మనకూ జాబితా ఉంది. 1970లలో చెంచులను ఆదిమ తెగల్లో చేర్చినరు. ఇప్పుడు పేరు మార్చి ప్రత్యేకంగా బలహీనమైన ఆదివాసి సమూహం అంటున్నరు. అంటే మనం ఎర్రచందనం లెక్క, అరుదైనోళ్ళం. కానీ ఆలంపూర్ చౌరస్తాలో అడ్డా మీద నిలబడ్డ చెంచును చూడండి. వాడు పాలపిట్ట లెక్క, తీగ మీద ఉన్నా ఎవరికీ కనబడడు. కులం సర్టిఫికెట్ కోసం నేను ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగిన. "చెంచులు అడవిలో కదా ఉండేది, నువ్వు ఇక్కడ ఎట్ల ఉన్నవ్" అని అడిగిన్రు. అడవిలో ఉంటేనేమో పులులకు అడ్డం, బయటికి రండి అంటరు. బయట ఉంటేనేమో నువ్వు చెంచువే కాదంటరు. మరి మేము ఎక్కడ వాలాలె?

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్ల పైన ఉంటది. అందులో పెంటలను బయటికి తరలించే మాట ఏండ్లుగా నడుస్తున్నది. అదే అమ్రాబాద్‌లో 2019లో యురేనియం కోసం 83 చదరపు కిలోమీటర్లలో బోర్లు వేస్తమన్నరు. పులికి చెంచు అడ్డమట, డ్రిల్లింగ్ బండి అడ్డం కాదట. అప్పుడు మన పెంటల నుంచి పట్నం దాకా జనం లేచిన్రు. 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ రోజు పులి, తపసి, పాలపిట్ట, చెంచు అందరూ ఒక్క తీర్మానంతో బతికిన్రు. అడవిని జాబితా కాపాడలే, నోరు కాపాడింది. అక్కడ బతికే మనుషుల నోరు.

కొందరు అడుగుతరు, "తమ్మీ, మనకు పట్టాలు లేవు, ఉద్యోగాలు లేవు, నువ్వేమో పిట్టలు, చెట్లు అంటవు" అని. అన్నా, నేను పట్టాల గురించే మాట్లాడుతున్న. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమి పట్టాకు మాత్రమే కాదు. సామూహిక అటవీ వనరులను కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభకు అందులో ఉంది. మన లాంటి తెగలకు మొత్తం ఆవాసం మీద హక్కు ప్రత్యేకంగా రాసి ఉంది. ఆ హక్కుతో పాటు అడవిని, జీవులను కాపాడే అధికారం కూడా గ్రామసభకే ఇచ్చింది. మనం ఎక్కువ భాగం పట్టా కాగితం దగ్గరే ఆగిపోయినం. అవతలి పేజీ తిప్పలే.

అందుకే మన యువతకు నాలుగు మాటలు. ఇవి నేను మా దగ్గర మొదలుపెట్టిన పనులే, పెద్ద ఉపన్యాసం కాదు.

ఒకటి. ప్రతి పెంటలో, తండాలో, గూడెంలో తొర్ర ఉన్న చెట్లను లెక్కపెట్టండి. ఏ చెట్టు, ఎక్కడ, అందులో ఏముంటుంది, ఒక నోటుబుక్కులో రాయండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ఒక కమిటీ, ప్రజల జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలె. మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ ఎక్కడుందో అడగండి. ఉంటే చదవండి, మన పెద్దోళ్ళకు తెలిసింది అందులో ఉందా చూడండి. లేకుంటే రాయించండి. మేము మా కాలనీ చుట్టూ తిరిగితే మొత్తం పదకొండు తొర్ర చెట్లు దొరికినయి. అందులో రెండు ఈ ఏడే కొట్టేసిన్రు. రాసి పెట్టకపోయుంటే ఆ రెండు పోయినట్టు కూడా తెలిసేది కాదు.

రెండు. గ్రామసభలో సామూహిక హక్కుల దరఖాస్తు పెట్టేటప్పుడు సరిహద్దు గీతతో ఆగొద్దు. బంక చెట్లు ఎన్నేండ్లకు ఒకసారి గాటు పెట్టాలె, ఏ ముసలి చెట్లను ముట్టొద్దు, ఏ కాలంలో ఎక్కడికి పోవద్దు, ఇవన్నీ మనమే తీర్మానం చేసి రాసుకోవాలె. కాపాడే పద్ధతి మన కాగితం మీద ఉంటే, మనం అడవికి శత్రువులం అని అనడం ఎవరికైనా కష్టం.

మూడు. గొడ్డలి కూలికి పిలుపు వస్తే పోవద్దు. పొట్టకూటికి పోయినోణ్ణి నేను దొంగ అనను. కానీ పోయి పట్టుబడ్డోడి కేసు మనం పట్టుకోవాలె, వకీలును చూడాలె, వెనకాల డబ్బు పెట్టింది ఎవరని గట్టిగా అడగాలె. ఎర్రచందనం మీద వచ్చే ప్రయోజనంలో వాటా గురించి కూడా అడగాలె. 2025లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఎర్రచందనం పెంచిన రైతులకు, అటవీ శాఖకు అట్లాంటి వాటా సొమ్ము పంచింది. రైతుకు వాటా ఉన్నప్పుడు, ఆ కొండల్లో తరతరాలుగా ఉన్న యానాదుల, చెంచుల గ్రామసభలకు కూడా వాటా ఉండాలె. వాటా ఉన్నోడే కాపలా ఉంటడు.

నాలుగు. దసరాకు పంజరంలో పాలపిట్టకు పైసలు ఇయ్యొద్దు. పట్టడం, బంధించడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమే. కానీ పట్టినోణ్ణి కొట్టి, వీడియో తీసి పెట్టొద్దు. వాడు కూడా మనలాంటి పేదోడే. ఇరవై రూపాయలు ఇచ్చేవాడు లేకుంటే పంజరం తనంతట తానే పోతది. చెట్టు విషయంలో ఏ న్యాయం అడుగుతున్నమో పిట్ట విషయంలో కూడా అదే న్యాయం. కింద నిలబడ్డోణ్ణి కాదు, కొనేవాణ్ణి చూడాలె. ఇక్కడ కొనేవాళ్ళం మనమే.

చివరికి ఒక్క మాట. ఎర్రచందనం మనకు చెప్పేది, ప్రపంచం విలువ కట్టినంత మాత్రాన బతుకు నిలబడదని. పాలపిట్ట చెప్పేది, అందరికీ తెలిసినంత మాత్రాన బతుకు నిలబడదని. ఎవరి నేల మీద వాళ్ళకు నిలబడే హక్కు, ముసలి అయ్యే హక్కు ఉంటేనే చెట్టైనా పిట్టైనా మనిషైనా మిగులుతడు.

దసరా మర్నాడు పొద్దున నేను, అవ్వ తుంగభద్ర ఒడ్డుకు పోయినం. రెండు గంటలు తిరిగినం. ఎండిపోయిన ఒక తాటి మొద్దు మీద కనబడ్డది. మట్టి రంగులో, కదలకుండా. అవ్వ నన్ను అక్కడే ఆపింది, దగ్గరికి పోనీయలే. కాసేపటికి అదే ఎగిరింది, రెక్క విప్పింది. అవ్వ దండం పెట్టలే, ఫొటో తీయమనలే. "ఆ మొద్దు ఎవరి చేన్ల ఉందో కనుక్కో, కొట్టొద్దని చెప్పిరా పో" అన్నది.

పోయి చెప్పొచ్చిన. రైతు సరే అన్నడు. మన లెక్కలో పన్నెండో తొర్ర అది.

జై ఆదివాసీ. జల్, జంగల్, జమీన్.